నలభయ్యో రోజు దాకా కంబళి విప్పరాదు

నవంబర్ 17
మ్యూజియం స్టోరు గది

మహారాజశ్రీ తాలయ్ జెజ్దే గారి దివ్య సముఖానికి,

మీ భార్యకు ఏకైక తమ్ముడూ, కళాచరిత్రలో అత్యుత్తమ విద్యార్థులకిచ్చే ఎర్ర అట్ట డిప్లొమా పుచ్చుకున్నవాడూ, ప్రస్తుతం పట్టణ మ్యూజియంలో మేకులు కొట్టే విభాగానికి అధిపతీ, ఆ విభాగంలో ఒకే ఒక్క ఉద్యోగీ అయిన సీమిక్ వంగి వంగి చేసే సలాములు. పశువూ ప్రాణమూ క్షేమమా? మీ గుర్రం, మీ రెండు మేకలు, మంచు కొలిచే కర్ర, గాలి దిక్కు చూపే రేకు కోడి, అందరూ కులాసాయేనా? దేశం మొత్తానికి రేపు మంచు పడుతుందో లేదో చెప్పే మీరు, ఇంట్లో మా అక్కకి కోపం ఎప్పుడు వస్తుందో ముందుగా చెప్పగలుగుతున్నారా?

మర్యాదలు అయ్యాయి. జెజ్దే, నాకు భయంగా ఉంది.

జెజ్దేని, అంటే అక్క మొగుణ్ణి, ఆట పట్టించడం నా జన్మహక్కు. ఈ ఉత్తరం మట్టుకు ఆ హక్కు వదులుకుంటున్నాను, కాబట్టి విషయం ఎంత పెద్దదో మీరే ఊహించుకోండి. మీ కొండ మీద గుట్టెక్కితేగాని ఫోను పలకదు. పలికినా లోయంతా వినేలా అరవాలి. ఇది అరిచి చెప్పే సంగతి కాదు. అందుకే బొగ్గు లారీ ఒమూర్ చేతికి ఉత్తరం ఇచ్చి, మీకు తప్ప ఎవరికీ ఇవ్వొద్దని రొట్టె మీద ప్రమాణం చేయించాను. అక్క కంట పడనివ్వకండి. చదివి పొయ్యిలో వేసెయ్యండి.

బురుల్ ఎజె, ఊరందరికీ పెద్దక్క, మీకు తెలుసు. ముప్పై ఏళ్ళు బస్టాపుల గోడల మీద, బడి గోడల మీద, పాలకేంద్రం గేటు మీద బొమ్మలు వేసిన మనిషి. ఇంట్లో మాత్రం తనకోసం కాన్వాసుల మీద వేసుకుంటూ పోయింది. లారీ డ్రైవర్లు, చలికాలపు కొట్టాలు, బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్ళు. అరవయ్యొక్క ఏళ్ళొచ్చాక ఇప్పుడు మొదటిసారి ఆవిడ ఒక్కదాని బొమ్మలతో మా పెద్ద హాల్లో ప్రదర్శన పెడుతున్నాం. నలభై మూడు పటాలు. రెండేళ్ళు మా డైరెక్టరు అసిల్ కాదిరొవ్నా చెవి దగ్గర ఈగలా తిరిగి తిరిగి ఈ ప్రదర్శన సాధించింది నేనే. ఈ నెల ఇరవై తొమ్మిదిన ప్రారంభం.

నలభై రెండు పటాలు మామూలుగా వచ్చాయి. నలభై మూడోది మాత్రం తెల్ల కంబళి చుట్టుకుని, ఎర్ర తాడు కట్టుకుని, పొత్తిళ్ళలో బిడ్డలా బురుల్ ఎజె చేతుల మీద వచ్చింది. అక్టోబర్ ఇరవయ్యిన ముగించిందట. నడిమి గోడ దానిదే. కానీ నలభై రోజులు నిండేదాకా ఎవరూ చూడకూడదు. మన ఇళ్ళలో పసిబిడ్డ సంగతి ఎలాగో ఆవిడకి బొమ్మ సంగతీ అలాగే. అందుకే ప్రారంభోత్సవం సరిగ్గా నలభయ్యో రోజుకి పెట్టించుకుంది. ఆ పొద్దున ఫ్రేముని నలభై చెంచాల నీళ్ళతో తుడిచి, అప్పుడు బయటకి తెస్తుందట.

నేను నవ్వాను జెజ్దే. ముందే చెబుతున్నాను, నవ్వాను. దీనికి పుట్టుమచ్చలు కూడా రిజిస్టర్లో రాసుకోవాలా ఎజె అని అడిగాను. ఆవిడ నవ్వలేదు. నన్ను రేడియేటర్ పక్కన కూచోబెట్టి చెప్పింది.

కుర్రదిగా ఉన్నప్పుడు తమ్ముడి బొమ్మ వేసిందట. లారీ తోలేవాడు. చిత్రకారుల సంఘం పెద్దలు వచ్చి, పన్నెండో రోజునే బలవంతంగా గుడ్డ తీయించి చూశారు. తర్వాత అయిదు రోజులకి కిజిల్-బెల్ కనుమలో లారీ జారింది. మనిషి దొరకడానికి వసంతం దాకా ఆగాల్సి వచ్చింది. చాలా ఏళ్ళకి పక్కింటి పాలమనిషి బొమ్మ వేసింది. ఆమె కొడుకే ఇరవయ్యో రోజున తొంగి చూశాడు. రోజులు గడుస్తున్నాయి, ఏమీ కాలేదు, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. సరిగ్గా ముప్పై తొమ్మిదో రోజున, ఆవు పొదుగు కింద కూచున్న మనిషి కూచున్నట్టే ఒరిగిపోయింది.

అది విన్నాక నేను నవ్వడం మానేశాను. నిన్నటిదాకా కంబళి జోలికి పోలేదు కూడా.

నిన్న, ఇరవై ఏడో రోజున, కంబళి మడతలోంచి చిమ్మట ఒకటి ఎగిరింది. మ్యూజియంలో ఉన్ని తినే చిమ్మట అంటే కోళ్ళగూట్లో నక్క. స్టోరు గదిలో వందేళ్ళ నాటి నేత పనులున్నాయి. నిబంధన ప్రకారం వెంటనే విప్పి చూడాలి. గుడ్లు ఉన్నాయేమోనని అంచు జానెడు పైకెత్తాను. జానెడే.

తెల్ల గుడ్డ చుట్టిన తల. పక్కకి తిరిగిన ముఖంలో సగం. మా అమ్మ కనుబొమ్మ. పై అంచు కాస్త బయటికి వంగిన చెవి, అదే, మీరు పెళ్ళికి ముందు ఆకుచెవి అని ఏడిపించి ఆవిడ చేత చెంపదెబ్బ తిన్న చెవి.

జూన్లో అక్క ఊళ్ళోకి వచ్చినప్పుడు మ్యూజియం అరుగు మీద కూచుని నాతో వాదిస్తుంటే బురుల్ ఎజె జేబు పుస్తకం తీసి గీసుకోవడం నేను చూశాను. అప్పుడే కడుపుతో ఉంది అక్క. ఆ బొమ్మ అక్కది, జెజ్దే.

తాడు మళ్ళీ అదే ముడి వేసి బయటికొచ్చి మెట్ల మీద కూచున్నాను. చీకటి పడ్డాకే లేచాను.

మీరు యంత్రాలతో బతికే మనిషి. దిష్టి అనే దాన్ని కొలిచే గొట్టం మీ దగ్గర లేదు. నాకూ డిప్లొమా ఉంది. పగలంతా నాకు నేను ఆ డిప్లొమా చదివి వినిపించుకుంటున్నాను. అది పని చెయ్యడం లేదు. అమ్మ పోయాక నా చొక్కాలకి గుండీలు కుట్టింది ఆ మనిషి. నా నోటి దురుసుకి దెబ్బలు తిని నేను ఏడుస్తూ వస్తే, నన్ను కొట్టినవాణ్ణి వెతికి కొట్టొచ్చింది ఆ మనిషి.

నెలలు నిండుతున్నాయి. ఆస్పత్రి మూడు గంటల దూరం, మధ్యలో కనుమ. మీకు చేతులెత్తి దండం పెడతాను, గట్టి మంచు పడకముందే అక్కని కిందికి దింపండి. అప్పటిదాకా వాగుకి నీళ్ళకి పోనివ్వకండి, గట్టంతా నున్నటి మంచు గడ్డే. గుర్రం ఎక్కనివ్వకండి. ఉప్పు తగ్గించండి. ఏమిటీ ప్రేమ అని అడిగితే, తమ్ముడికి మతి పోయిందని చెప్పండి. నమ్ముతుంది.

మీ పాదధూళి, దానికి కూడా తగనివాడు,
సీమిక్


నవంబర్ 22
అదే గది

తాలయ్ జెజ్దే గారికి,

సలాములు అన్ని దిక్కుల నుంచీ. మీ జవాబు ఒమూర్ ఇచ్చాడు. మూడు లైన్లు. వాతావరణ నివేదికలు రాసీ రాసీ మీకు మనుషులకి రాయడం మరుపొచ్చింది. మొదటి లైను, బల్దిజ్, తాగి రాశావా? రెండో లైను, బదులు మనిషి డిసెంబర్ అయిదుకి గాని రాడు, మంచు లెక్క వదిలి నేను కదలలేను. మూడో లైను, డాక్టరు చెప్పిన తేదీ డిసెంబర్ పన్నెండు, తొందరేమీ లేదు.

కింద వంకర అక్షరాల్లో అక్క చేర్చింది. వీడు భయపడుతున్నాడంటే ఏదో పగలగొట్టి ఉంటాడు, ఎంతైందో అడగండి, అని. పొయ్యిలో వెయ్యమన్న ఉత్తరం సంగతి ఆవిడకి ఎలా తెలిసిందని నేను అడగను. విషయం మాత్రం చదవనివ్వలేదని, వీడికేదో భయం పట్టుకుందట అని మాత్రమే చెప్పానని మీరు వెనక వైపు రాశారు. నమ్ముతున్నాను. నాకు ఇప్పుడు నమ్మడం తప్ప వేరే పని లేదు.

కాదు, ఒక పని ఉంది. కంబళికి కాపలా.

ఒక కన్ను పడితేనే అంత జరిగితే, పది కళ్ళు పడితే ఏమవుతుందో లెక్క వెయ్యడానికి డిప్లొమా అక్కర్లేదు. నిన్న సంస్కృతి శాఖ నుంచి పరిశీలక సంఘం వచ్చింది. ముగ్గురు. ప్రారంభానికి ముందు ప్రతి పటాన్నీ చూసి సంతకం పెట్టాలి, సంతకం లేని పటం గోడెక్కదు. అధ్యక్షుడు ఒరోజ్‌బాయెవ్ గారు. ఎక్కడికి పోయినా తన టీ పొట్లం తనే జేబులో తెచ్చుకుని, అదే పొట్లాన్ని రెండో కప్పుకీ ముంచే మహానుభావుడు.

నలభై రెండు పటాలూ చూశాడు. బస్టాపు ఆడవాళ్ళని చూసి, వీళ్ళ మొహాలు ఇంత దిగులుగా ఎందుకున్నాయి, బస్సు రాలేదా అన్నాడు. వచ్చుంటే వాళ్ళు బస్టాపులో ఎందుకుంటారండీ అన్నాను. డైరెక్టరు నా కాలు తొక్కింది. ఆవిడ మడమ ఇంకా అక్కడే ఉన్నట్టుంది.

తర్వాత స్టోరు గది. ఎర్ర తాడు చూపించి, ఇదేమిటి, విప్పు అన్నాడు. బురుల్ ఎజె ఆ పూట లేదు, రంగు కొనడానికి బజారుకి వెళ్ళింది. ఎనిమిది రోజులు ఆగితే నలభై నిండుతాయి గౌరవనీయులారా అని డైరెక్టరు గొణిగింది. ఉద్యోగం ఊడుతుందని ఆవిడ భయం. అక్క కోసం నా భయం. ఇద్దరం పక్కపక్కన నిలబడి చెరొక భయంతో వణికాం.

ఒరోజ్‌బాయెవ్ గారు, మనం ఏ శతాబ్దంలో ఉన్నాం అని అడుగుతూ తనే ముడి మీద చెయ్యి వేశాడు. నేను ఆ చేతి మీద నా చెయ్యి వేశాను. జెజ్దే, అధికారి చెయ్యి పట్టుకున్నాను. పట్టుకున్నాక వదలడం ఎలాగో తెలియలేదు. ఆయన నా చేతిని చూశాడు, నేనూ నా చేతిని చూశాను.

అప్పుడు హాలు కాపలా తాజిగుల్ అపా కుర్చీలోంచి లేచింది. డెబ్బై ఏళ్ళు, మోకాళ్ళు పని చెయ్యవు, నోరు పని చేస్తుంది. తల మీది తెల్ల రుమాలు తీసి ఆయన ముందు చాపింది. అయ్యో చూడు నాయనా, చూడు, నిన్నెవరు వద్దన్నారు అంది. కొత్త కోడలి ముసుగు తీసినా, పసిబిడ్డ మొహం మొదటిసారి చూసినా కోరుమ్‌దుక్, చూపు కానుక, ఇవ్వకుండా చూస్తారా ఎక్కడైనా? ఇది నలభై లోపు బిడ్డ. మొదటి చూపు నీదే. ఏం ఇస్తావో ఇందులో వేసి చూసుకో అంది.

ఆయన నవ్వబోయి, సరే అపా, ఒక గొర్రె అనుకో అన్నాడు.

నాకు అక్కడ గొంతు వచ్చింది. గొర్రె నాలాంటి వాళ్ళు ఇచ్చేది కదండీ అన్నాను. మీ హోదాకి గొర్రె అంటే రేపు పేపర్లో వస్తే మన జిల్లాకే తలవంపు. మీ మీద గౌరవంతో చెబుతున్నాను, గుర్రం. అదీ కింద పిల్ల ఉన్న ఆడ గుర్రం. మిగతా ఇద్దరు సభ్యులు వెంటనే, న్యాయమే, న్యాయమే అన్నారు. వాళ్ళకి అప్పుడే నోట్లో కుమీస్, పులిసిన గుర్రప్పాల రుచి తగిలింది. చిన్న సభ్యుడైతే రంగు కూడా అడిగాడు.

ఒరోజ్‌బాయెవ్ గారు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పెద్దల ఆచారాన్ని గౌరవించడం శాఖ విధానమే కదా అని తనకు తానే చెప్పుకున్నాడు. రిజిస్టర్లో స్వహస్తాలతో ఇలా రాశాడు: నలభై మూడవ పటం. కంబళితో సహా చూడబడినది. ఆకారం దీర్ఘచతురస్రం. అభ్యంతరం లేదు.

అందరూ నవ్వారు. తాజిగుల్ అపా నవ్వి నవ్వి దగ్గింది. నేను కొళాయి గదిలోకి వెళ్ళి తలుపేసుకుని వాంతి చేసుకున్నాను.

సాయంత్రం బురుల్ ఎజె నాకు నూనెలో వేయించిన రొట్టె ముక్కలు, బోర్సోక్‌లు తెచ్చి, ఎందుకిలా ఎండిపోతున్నావురా, తిను అంది. నోట్లో పెట్టుకున్నాను. చెప్పేద్దామని నోరు తెరిచాను. ఎజె, నేను చూశాను అన్న రెండు మాటలకి అక్కడ చోటు లేదు, బోర్సోక్ ఉంది. తమ్ముడు పోయాక ఆవిడ అయిదేళ్ళు కుంచె పట్టలేదని తాజిగుల్ అపా చెప్పింది. ఇప్పుడు ఇంకొకసారి జరిగిందని చెబితే, ప్రారంభోత్సవం వద్దు, బొమ్మలూ వద్దు, అన్నీ దించెయ్యి అంటుంది. అరవయ్యొక్కేళ్ళకి వచ్చిన ఒక్క గోడ. అదీ నేనే ఇప్పించింది, నేనే లాక్కోవాలి.

జెజ్దే, ఇంకా వారం ఉంది. మీరు మనిషిని నమ్మకపోతే మీ రేకు కోడినైనా నమ్మండి. రెండ్రోజులుగా ఇక్కడ గాలి పడమటికి తిరిగింది, పొగ నేలబారుగా పాకుతోంది. మంచు వస్తోందని మీకు నేను చెప్పాలా? కనుమ మూసుకున్నాక అక్కకి నొప్పులొస్తే ఏం చేస్తారు, వాన డబ్బాతో పురుడు పోస్తారా? మీరు రాలేకపోతే ఒమూర్ లారీలో ముందు సీట్లో కూచోబెట్టి పంపండి. నేను మోకాళ్ళ మీద కూచుని రాస్తున్నాను. బల్ల లేక కాదు.

మీ బల్దిజ్, ఒక్కగానొక్క బావమరిది,
సీమిక్


నవంబర్ 28
మ్యూజియం, పెద్ద హాలు, పొద్దున్నే

సుయుంచు! సుయుంచు, జెజ్దే!

సలాములు తర్వాత. శుభవార్త తెచ్చిన వాడికి బహుమతి ఇవ్వందే వార్త వినకూడదు. కనుమ నిన్న సాయంత్రం తెరిచారు. ఒమూర్ గేటు ముందు లారీ ఆపి హారను మోగిస్తున్నాడు, అయినా మీరు ఒప్పుకునేదాకా నేను రాయను. మీ గుర్రపు జీను నాకిస్తారా? ఇచ్చారు. సంతోషం.

ఆడపిల్ల. నవంబర్ ఇరవై ఆరు, పొద్దున పది ఇరవై. మూడు కిలోల రెండు వందలు. అక్క బాగుంది. ఆకలేస్తోందని నర్సుల మీద అరిచేంత బాగుంది. పిల్ల చెవులు మీవి కావు, దేవుడికి దండం.

ఇప్పుడు మీకు తెలియని ఆ పది గంటల సంగతి చెప్పాలి. మీరు ఇరవై అయిదున పొద్దున ఏడింటికి ఆవిడని లారీ ఎక్కించి, లారీ ఎంత మెల్లగా నడిచినా మధ్యాహ్నానికి ఆస్పత్రిలో ఉంటుందని ధైర్యంగా మంచు కొలుచుకుంటూ ఉండి ఉంటారు. నేను పది నుంచి ఆస్పత్రి గేటు దగ్గర నిలబడ్డాను. పదకొండింటికి మంచు మొదలైంది. పన్నెండున్నరకి పాలవ్యాను వాడు వచ్చి, కిజిల్-బెల్ దగ్గర కొండచరియ మంచు రోడ్డు మీద పడింది, అటు బండ్లు అటే, ఇటు బండ్లు ఇటే అన్నాడు. బండ్ల మీద పడిందా, బండ్ల ముందు పడిందా అని అడిగాను. నేను చూడలేదు తమ్ముడూ అన్నాడు.

ఆ మాట పట్టుకుని నాలుగు గంటలు బతికాను. కిజిల్-బెల్. బురుల్ ఎజె తమ్ముడి లారీ జారిన చోటు. అక్క ఇంట్లో ఉంటే ఇంట్లో ఉండేది. మోకాళ్ళ మీద కూచుని ఉత్తరం రాసి, బతిమాలి, అక్కని అదే కనుమలోకి, లారీలోకి, పంపింది నేను. బొమ్మ చూడడం ఒక తప్పు, చూశానని భయపడడం రెండో తప్పు. మొదటి దానికన్నా రెండోదే చంపుతుందేమో అనిపించింది. విపత్తు కార్యాలయానికి పరిగెత్తాను. కిటికీలో అమ్మాయి బండి నంబరు అడిగింది. లారీ నీలం రంగు, లోపల మా అక్క ఉంది అన్నాను. నంబరు, నంబరు అంది. నాకు నోరు పడిపోయింది జెజ్దే. జీవితంలో మొదటిసారి. ఆ అమ్మాయి లేచి బయటికొచ్చి నాకు టీ ఇచ్చింది.

లారీ చరియకి పది గజాల ఇవతల ఆగిందట. ముందూ మంచు, వెనకా మంచు. అక్కకి అక్కడే నొప్పులు మొదలయ్యాయి. ఒమూర్ తన కోటు, బొగ్గు మీద కప్పే టార్పాలిన్, అన్నీ ఆవిడకే చుట్టాడు. బొగ్గే ఉంది కదా అని రోడ్డు పక్కన కుప్ప పోసి వెలిగించాడు. నాకు పిల్లలు పుట్టించడం రాదమ్మా, చక్రం మార్చడం వచ్చు అన్నాడట. అయితే చక్రం మార్చు, నేను నా పని చూసుకుంటా అందట మా అక్క. సాయంత్రం అయిదింటికి మంచు తోసే యంత్రం వచ్చింది. దాని వెనకే వచ్చారు.

స్ట్రెచర్ మీద మొహమంతా మసి. నన్ను చూసింది. చెయ్యి పట్టుకుంటుంది అనుకున్నాను. ఏరా, ఇంతకీ ఏం పగలగొట్టావు అంది.

నేను ఏడ్చాను. నర్సు నన్నే తండ్రి అనుకుని ఓదార్చింది. అర్హుడికి చేరవేస్తున్నాను ఆ ఓదార్పుని.

రేపు ప్రారంభం. నలభై రెండు పటాలు గోడల మీద ఉన్నాయి, రసమట్టం పెట్టి చూశాను, ఒక్కటీ వంకర లేదు. అసిల్ కాదిరొవ్నా కొత్త బూట్లు కొంది. ఒరోజ్‌బాయెవ్ గారు వస్తారట, చేతులు ఊపుకుంటూ. మీ పిల్లకి నలభయ్యో రోజున తొడిగే నలభై ముక్కల చొక్కా కోసం తాజిగుల్ అపా అప్పుడే ఇంటింటికీ తిరిగి గుడ్డ పీలికలు పోగేస్తోంది. మీరు బదులు మనిషి రాగానే దిగి రండి. పిల్లకి పేరు మీరొచ్చాకే. అక్క మాత్రం ఒకటి అనేసుకుంది, మీరు అడిగినప్పుడు ఆశ్చర్యపోండి.

అందరం క్షేమం. సూర్యుడు కూడా వచ్చాడు.

మీ జీనుకి కొత్త యజమాని,
సీమిక్

తాజా కలం: ఇక్కడితో ఆపి ఒమూర్‌కి ఇచ్చేద్దామనుకున్నాను. గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. అబద్ధం మడిచి కవర్లో పెడితే మీకు అందేది అబద్ధమే కదా.

చిమ్మట లేదు. ఈ నెలలో మ్యూజియంలో ఒక్క చిమ్మటా ఎగరలేదు. ఊరికే చూడాలనిపించి చూశాను. అందరినీ వెక్కిరించేవాడు ఒక ముడి ముందు ఆగలేకపోయాడు, అంతే.

నిన్న మధ్యాహ్నం బురుల్ ఎజెకి అంతా చెప్పాను. అక్క గండం గడిచింది కాబట్టి ధైర్యం వచ్చింది. ఆవిడ కుంచెలు కడుగుతోంది. కడగడం ఆపలేదు. ఏ మూల ఎత్తావు అని అడిగింది. కుడి పై మూల అన్నాను. ఏం చూశావు అంది. తెల్ల గుడ్డ, కనుబొమ్మ, చెవి, మా మీరిమ్ అక్క అన్నాను.

అప్పుడు ఆపింది. నన్ను కిటికీ దగ్గరికి పిలిచి గడ్డం పట్టుకుని వెలుగు వైపు తిప్పింది. చాలాసేపు చూసింది. ఆ గుడ్డ మీ అక్క రుమాలు కాదురా అంది. సెప్టెంబర్ నెలంతా ఈ గోడలకి సున్నం పూసినప్పుడు నువ్వు తలకి చుట్టుకున్న పీలిక. మీ ఇద్దరికీ ఒకటే చెవి. పని చేస్తున్నప్పుడు నీ నోరు మూసుకుని ఉంటుంది, అప్పుడే నిన్ను గీయగలిగాను. ముప్పై ఏళ్ళుగా నాకోసం ఎవరూ మేకు కొట్టలేదు, నువ్వు కొట్టావు, అందుకే నడిమి గోడ నీకు. ఎల్లుండి విప్పి నిన్ను నవ్వించాలనుకున్నాను అంది.

ఆవిడ మొహం చూడలేకపోయాను.

నా బొమ్మ నేనే చూసుకుంటే నాకు నా దిష్టే తగులుతుందా ఎజె అని అడిగాను. వేళాకోళంగానే అడిగాను. ఆవిడ వేళాకోళంగా తీసుకోలేదు. తెలియదురా, ఇంతవరకూ అలా ఎవరూ చెయ్యలేదు అంది. నా చొక్కా పై గుండీ పెట్టింది. ప్రదర్శన ఆపేద్దామా అంది. వద్దన్నాను.

ఒకటి చెప్పనా జెజ్దే? అది అక్క బొమ్మ కాదని తెలిసిన క్షణం నా కాళ్ళలోకి బలం వచ్చింది. పదకొండు రోజుల తర్వాత రాత్రి తిన్నాను, తిన్నది లోపల నిలిచింది, పడుకోగానే నిద్ర పట్టింది. పొద్దున లేచాకే భయం తిరిగి వచ్చింది. కానీ ఇది నా ఒక్కడికి సరిపడే భయం. మోసుకుని తిరగొచ్చు.

ఇవాళ ముప్పై తొమ్మిదో రోజు. నడిమి గోడ మేకు అయిదు మీటర్ల ఎత్తున ఉంది. కంబళితో సహా పటాన్ని ఇవాళే ఎక్కించాలి, అది ఎక్కించే విభాగంలో నేనొక్కణ్ణే ఉన్నాను. నిచ్చెన వేశాను. కింద తాజిగుల్ అపా ఒక కాలు, డైరెక్టరు ఇంకో కాలు పట్టుకున్నారు. బురుల్ ఎజె అటు తిరిగి నిలబడింది. పెన్ను పెట్టేసి ఎక్కాలి.

అక్కతో చెప్పకండి. చెబితే పిల్లని నర్సు చేతిలో పెట్టి, మంచం దిగి వచ్చి, నిచ్చెన తనే పట్టుకుంటుంది.